మరల అదే ఆగస్టు: తిరిగి తిరిగి వచ్చే కథను చూచుట గురించి

కథ ముందుకు సాగవలెనని మనందరికీ ఒక నమ్మకం. నిన్నటి భాగంలో రాజకుమారుడు అడవిలో ప్రవేశించి ఉంటే నేటి భాగంలో అడవి దాటాలి. దాటకపోతే కనీసం పులియైనా ఎదురుపడాలి. వారం వారం వచ్చే ధారావాహికను చూచే ప్రేక్షకుడు టెలివిజన్ ముందు కూర్చునేది ఈ భరోసాతోనే. ఈ భరోసాను బుద్ధిపూర్వకంగా భంగపరచిన ఒక జపాను ధారావాహికను గత వేసవిలో ఎనిమిది సాయంకాలాలు చూచాము. కళాశాల వార్షిక సంచికలో ఇటువంటి విషయానికి చోటుంటుందా అని కొంత సందేహించిన మాట నిజం. అయితే మన విద్యార్థులలో చాలామంది సెల్‌ఫోను తెరమీద రాత్రి పొద్దుపోయేదాకా చూస్తున్నది ఈ జపాను బొమ్మల కథలే, అనగా వారు అనిమే అని పిలుచుకొనేవే. అటువంటప్పుడు అధ్యాపకులు వాటిని గురించి ఏమీ ఎరుగనట్లు ఉండడం సబబు కాదు. కమిటీ పెద్దలు ఈ సాహసాన్ని మన్నిస్తారని ఆశిస్తున్నాము.

సందర్భం ఇది. సెలవులలో తుర్కయాంజాల్‌లోని మా హాస్టలు దాదాపు ఖాళీ అయింది. సప్లిమెంటరీ పరీక్షల కోసం ఆగిన అయిదారుగురు విద్యార్థులు మాత్రం మిగిలారు. వారిని కనిపెట్టి ఉండే పని మాకు అప్పగించారు. మగ్రిబ్ నమాజు ముగిసిన తరువాత రాత్రి భోజనానికి కొంత వ్యవధి ఉండేది. ఆ వ్యవధిలో ఏదైనా చూద్దామని వారు కోరగా ఒప్పుకున్నాము. ఏమి చూడాలో నిర్ణయించినవాడు ద్వితీయ భాష తెలుగు పేపరులో మూడుసార్లు తప్పి నాల్గవ మారు వ్రాయబోతున్న ఒక విద్యార్థి. తెలుగు మా పేపరే. "ఎనిమిది దినాలు ఒక్కటే కథ సార్, అచ్చం నా లెక్కనే," అని నవ్వాడు. ఈసారి కూడ తప్పితే చదువు మానివేసి సాగర్ రోడ్డు మీద తండ్రి నడిపే మెకానిక్ షెడ్డులో కూర్చుంటానని అంతకు రెండు రోజుల ముందే మాతో అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నవ్వలేదు.

ఇక ఆ ధారావాహిక సంగతి. తనిగవా నగారు అనే జపాను రచయిత 2003లో సుజుమియా హరుహి అనే బాలిక నాయికగా ఒక నవలామాలను ఆరంభించాడు. యువజనులలో దానికి గొప్ప ఆదరణ లభించింది. క్యోటో యానిమేషన్ అనే చిత్రనిర్మాణ సంస్థ 2006లో దానిని 14 భాగాల ధారావాహికగా తీసి, కథాక్రమాన్ని తారుమారు చేసి ప్రసారం చేసింది. 2009లో అదే ధారావాహికను ఈసారి కాలక్రమంలో మరల ప్రసారం చేస్తూ, నడుమ కొత్తగా తీసిన 14 భాగాలను చేర్చింది. ఆ కొత్త వాటిలో ఎనిమిది భాగాలు, జూన్ నుండి ఆగస్టు వరకు వారానికి ఒకటి చొప్పున వచ్చినవి, "ఎండ్‌లెస్ ఎయిట్" అనే ఒకే శీర్షిక కలవి. అంతులేని ఎనిమిది అని మనం చెప్పుకోవచ్చు. ఎనిమిదవ నెల ఆగస్టు కదా. ఆ నెల అంతం కాకపోవడమే కథ. 2004లో వచ్చిన కథల సంపుటిలో రచయిత దీనిని ఒక్కసారి చెప్పి ఊరుకున్న చిన్న కథ. దానిని ఎనిమిది మార్లు చూపాలని తలచినవారు చిత్రనిర్మాతలు.

హరుహి హైస్కూలు విద్యార్థిని. ఆమె మనసులో బలంగా అనుకున్నది లోకంలో జరిగిపోతుంది. ఆ సంగతి ఆమెకు తప్ప చుట్టూ ఉన్న నలుగురికీ తెలుసు. ఆ నలుగురు ఎవరంటే: కథను మనకు చెప్పే క్యోన్ అనే సామాన్య బాలుడు, కొన్ని అతీంద్రియ శక్తులు గల కొఇజుమి, భవిష్యత్తు నుండి వచ్చిన అసాహినా, అంతరిక్షంలోని ఒక మహాచైతన్యం తన ప్రతినిధిగా భూమికి పంపిన నగాతో. వేసవి సెలవులు ముగియడానికి రెండు వారాలు ఉన్నవి. ఆగస్టు 17న హరుహి అందరినీ పిలిచి, మిగిలిన రోజులలో చేయవలసిన పనుల జాబితా వ్రాస్తుంది. ఈత కొలనుకు పోవడం, పండుగలో నాట్యం చూడడం, బాణసంచా కాల్చడం, కీచురాళ్ళను పట్టడం, కప్ప వేషం తొడుక్కొని దినకూలీ చేయడం, మేడ మీద నుండి నక్షత్రాలను చూడడం. అన్నీ చేస్తారు. ఆగస్టు 30న హోటలులో కూర్చొని ఆమె జాబితాలోని పనులన్నిటినీ కొట్టివేసి, రేపు విశ్రాంతి అని చెప్పి లేచి వెళ్ళిపోతుంది. కాని ఏదో మిగిలిపోయిందని ఆమె మనసు లోలోపల గొణుగుతున్నది. అందుచేత సెప్టెంబరు 1 రాదు. మరల ఆగస్టు 17 వస్తుంది. మరల ఫోను మ్రోగుతుంది.

అందరి జ్ఞాపకాలూ తుడిచిపెట్టుకొని పోతాయి, నగాతోకు తప్ప. ఇది ఎన్నవసారి అని అడిగినప్పుడు ఆమె చెప్పే సంఖ్య రెండవ భాగంలో 15,498. ఎనిమిదవ భాగానికి అది 15,532. ఒక్కొక్క మారు రెండు వారాలు అనుకొని గుణిస్తే దాదాపు 595 సంవత్సరాలు. గోల్కొండలో కుతుబ్‌షాహీల పాలన 1518లో మొదలయింది. అప్పటి నుండి నేటివరకు గడిచిన కాలమంతా కలిపినా ఆ బాలిక చూచిన ఆగస్టు నెలకు సరిపోదు.

చూచిన తీరు కూడ చెప్పాలి. మొదటి సాయంకాలం కథలో ఏ వింతా లేదు. సెలవులలో పిల్లల విహారం, అంతే. రెండవ సాయంకాలం రహస్యం బయటపడింది, అందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. మూడవనాడు మరల అదే ఫోను మ్రోగగానే గది అంతా నవ్వులు. నాల్గవనాడు నవ్వు లేదు. ఇద్దరు లేచి క్రికెట్టు ఆడుకోవడానికి వెళ్ళారు. అయిదవనాడు భోజనం ఎప్పుడని ఒకడు మాటిమాటికి అడిగాడు. ఆరవనాటికి గదిలో ఆ విద్యార్థీ మేమూ తప్ప ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే మేమూ లేచిపోయేవారమే; కాపలా బాధ్యత మమ్మల్ని కుర్చీకి కట్టివేసింది.

2009లో జపానులో చూచినవారి అవస్థ ఇంతకంటె కఠినం. మాకు మరుసటి భాగం మరుసటి రోజే. వారు ఒక్కొక్క భాగానికి ఏడు రోజులు ఎదురుచూచి, అదే హోటలులో అదే మాట విని, మరల ఏడు రోజులు ఆగారు. రెండు నెలలు అట్లు గడిచినవి. అభిమానులు మండిపడ్డారు, సంస్థ తమను మోసగించిందన్నారు. ఇప్పటికీ అనిమే ప్రియుల సమక్షంలో ఆ పేరు ఎత్తితే రెండు పక్షాలు ఏర్పడి వాదించుకుంటాయని మా విద్యార్థులు చెప్పారు. హాస్టలులోనూ ఏర్పడినవి.

మోసం అనడానికి వీలు లేకుండా చేసే ఒక విషయం ఉన్నది. ఆ ఎనిమిది భాగాలలో ఒకదాని బొమ్మలు ఇంకొకదానిలో వాడలేదు. ప్రతి భాగానికీ దృశ్యాలను కొత్తగా కూర్చి, కొత్తగా బొమ్మలు గీసి, పాత్రల దుస్తులు మార్చి, నటీనటులచేత సంభాషణలు కొత్తగా చెప్పించి తీశారు. పాత బొమ్మలనే తిరిగి వాడి ఉంటే శ్రమా ధనమూ మిగిలేవి, చూచేవారిలో చాలామంది కనిపెట్టేవారు కూడ కాదేమో. ఒకే దినాన్ని ఎనిమిది మార్లు చేతితో గీసిన సంస్థ అది. 2019 జూలై 18న ఒక దుండగుడు ఆ సంస్థ భవనానికి నిప్పు పెట్టగా 36 మంది మరణించారు. ఈ ధారావాహిక తరువాయిగా 2010లో వచ్చిన చలనచిత్రానికి దర్శకులలో ఒకడైన తకెమొతో యసుహిరో ఆ మృతులలో ఉన్నాడు. ఈ సంగతి చూడడం ముగిసిన తరువాతనే మాకు తెలిసింది. ముందే తెలిసి ఉంటే నాల్గవనాడు అంతగా విసుగుకొనేవారము కాము.

కాలం చక్రంలో చిక్కుకునే కథలు ఇపుడు లోకమంతటా ఉన్నవి. అమెరికాలో 1993లో వచ్చిన "గ్రౌండ్‌హాగ్ డే" చిత్రంలో వాతావరణ వార్తలు చెప్పే ఒక అహంకారి ఫిబ్రవరి 2వ తేదీ నుండి బయటపడలేకపోతాడు. జపానులోనే 1984లో ఒషీ మమోరు తీసిన "ఉరుసేయి యత్సురా" రెండవ చిత్రంలో పాఠశాల ఉత్సవానికి ముందురోజు పదే పదే తిరిగి వస్తుంది. మన తెలుగులో 2021లో ఆహా వేదికపై "కుడి ఎడమైతే" అనే ధారావాహిక వచ్చింది. దర్శకుడు పవన్ కుమార్. పేరు 1953 నాటి "దేవదాసు" చిత్రంలోని పాటను గుర్తుకు తెస్తుంది. హైదరాబాదు నగరంలో దుర్గ అనే పోలీసు అధికారిణి, ఇంటింటికి భోజనం అందించే ఆది అనే యువకుడు ఒకే దినంలో చిక్కుకొని, ఆ దినాన జరిగే నేరాలను ఆపడానికి ప్రయత్నిస్తారు. దానికీ ఎనిమిది భాగాలే కావడం యాదృచ్ఛికం. అదే సంవత్సరం తమిళంలో వెంకట్ ప్రభు తీసిన "మానాడు" చిత్రంలో ఈ అవస్థ అబ్దుల్ ఖాలిక్ అనే యువకునికి పట్టింది. స్నేహితుని పెళ్ళికని దుబాయి నుండి వచ్చినవాడు ముఖ్యమంత్రిపై జరుగనున్న హత్యాప్రయత్నాన్ని, ఆ నింద ఒక ముస్లిం యువకునిపై పడి చెలరేగబోయే అల్లర్లను ఆపేవరకు అతనికి మరునాడు లేదు. మా హాస్టలు విద్యార్థులకు ఆ చిత్రం కంఠస్థం. ఆ కథలో ప్రతినాయకుడైన పోలీసు అధికారికి కూడ తాను కాలంలో చిక్కుకున్న సంగతి తెలిసివస్తుంది. ఎస్.జె. సూర్య ఆ పాత్రలో పడిన చిరాకు నవ్వు పుట్టిస్తుంది.

ఈ కథలన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. ఆదికీ దుర్గకూ అబ్దుల్ ఖాలిక్‌కూ జ్ఞాపకం ఉన్నది. నిన్నటి తప్పు నేటికి పాఠమవుతుంది. ప్రతి ఆవృత్తిలో ఒక మెట్టు ఎక్కుతారు, వారితో పాటు ప్రేక్షకుడూ ఎక్కుతాడు. కాబట్టి ఇవి చక్రాల వలె కనిపించే నిచ్చెనలు. ఎండ్‌లెస్ ఎయిట్‌లో నిచ్చెన లేదు. క్యోన్‌కు ఏమీ జ్ఞాపకం లేదు. ఈ ఈత కొలనును ఎప్పుడో చూచినట్లున్నదే అని ఒక క్షణం అనిపిస్తుంది, ఆ భావం జారిపోతుంది. హోటలులో హరుహి లేచి వెళ్తుండగా ఆమెను ఆపాలని అతని గుండె కొట్టుకుంటుంది. ఏమని ఆపాలో తెలియదు. ఆమె వెళ్ళిపోతుంది. ఆ ఘట్టంలో ఆరవసారి అతడు నోరు తెరువకుండా ఉండగా మా ప్రక్కనున్న విద్యార్థి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకొనడం గమనించాము.

క్యోన్‌కు లేని జ్ఞాపకం మనకు ఉన్నది. ఇదే ఈ ప్రయోగంలోని మర్మం. రెండు భాగాలు చూచినవాడు కుతూహలంతో ఉంటాడు. ఆరు చూచినవాడు అలసిపోతాడు. ఆ అలసట మనది కాదు, నగాతోది. కథలో ఆమె ఎన్నడూ తన బాధ చెప్పదు. ఒక మూల పుస్తకం పట్టుకొని కూర్చుంటుంది. 595 సంవత్సరాల విసుగును మాటలతో వర్ణించి ఉంటే మనం విని మరచిపోయేవారము. దాని నుండి ఎనిమిది వారాలంత ముక్క కోసి మన ముందుంచారు. ఇది కావాలని చేసినదా, అనుకోకుండా అట్లు కుదిరినదా అని అభిమానులు వాదిస్తారు. మా దృష్టిలో కావాలని చేసినదే, కాని రెండు భాగాలు తగ్గించినా లోపం ఉండేది కాదు.

పునరావృత్తి తెలుగు పాఠకునికి కొత్తదేమీ కాదు. మా బాల్యంలో చందమామ వచ్చిన రోజున మొదట తెరచేది బేతాళ కథ. పుట తెరువగానే శంకర్ గీసిన బొమ్మ: భుజాన శవం, చేత కత్తి, చుట్టూ శ్మశానం. ప్రతి నెలా అదే బొమ్మ, అవే తొలి మాటలు, అవే తుది మాటలు. రాజు చెట్టెక్కి శవాన్ని దించుతాడు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు, రాజు జవాబు చెప్పి మౌనం భంగం చేసుకుంటాడు, శవం చెట్టుకు పోతుంది. పాత సంస్కృత బేతాళ కథలు పాతికే. చందమామవారు కొత్త కథలు కల్పిస్తూ దశాబ్దాల పాటు ఆ రాజును చెట్టుకూ శ్మశానానికీ నడుమ తిప్పారు. ఏ పాఠకుడూ మోసపోయానని అలగలేదు. ఎందుకనగా తిరిగి వచ్చేది చట్రం మాత్రమే, లోపలి కథ ప్రతినెలా కొత్తది. ఎండ్‌లెస్ ఎయిట్ ఆ లోపలి కథను తీసివేసి, చట్రాన్ని మాత్రం మన చేతికిచ్చింది.

ఆ చక్రం ఎట్లు ఆగిందో కూడ పోల్చి చూడదగినది. సోమదేవుని కథాసరిత్సాగరంలో వరుసగా అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పిన రాజుకు చివరిదానికి జవాబు తోచదు. ఒక తండ్రి కుమార్తెనూ, ఆయన కుమారుడు తల్లినీ పెండ్లాడితే పుట్టిన బిడ్డలకు పరస్పరం ఏమి వావి అవుతుంది? రాజు తెలియక మౌనంగా నడుస్తాడు. ఆ మౌనంతో చక్రం తెగింది. తెలివి ఉన్నంతకాలం తిరిగినవాడు తెలియకపోవడం వల్ల విడుదలయ్యాడు. అలిఫ్ లైలాలో వేరొక విధం. ప్రతి రాత్రి ఒక వధువు, ప్రతి ఉదయం ఒక వధ, ఇది షహర్యార్ చక్రం. షహర్జాద్ వచ్చి కథను తెల్లవారేసరికి ముగియనీయక, ఆ చక్రంలోనికి తన చక్రాన్ని దూర్చింది. వేయిన్నొక్క రాత్రులు పట్టింది. మన ఉర్దూ విభాగం మిత్రులు దీనిని మాకంటె బాగా చెప్పగలరు కనుక ఇంతటితో వదలుతాము.

మరి హరుహి చక్రం దేనివల్ల ఆగింది? ఆమెను కౌగిలించుకొని ప్రేమిస్తున్నానని చెవిలో చెప్పమని కొఇజుమి క్యోన్‌కు సలహా ఇస్తాడు. మన సినిమాలలో అయితే అదే జరిగేది, వెంటనే పాట వచ్చేది. ఎనిమిదవ భాగంలో హరుహి హోటలు నుండి లేచి వెళ్తుండగా క్యోన్ ఒక్కసారి నిలబడి అరుస్తాడు. ఏమని? నా సెలవుల హోంవర్కు ఇంకా కాలేదు, రేపు అందరూ మా ఇంటికి రండి, కలిసి చేద్దాము అని. జపానులో వేసవి సెలవులు విద్యాసంవత్సరం మధ్యలో వస్తాయి. సెలవులలో చేయమని ఇచ్చిన వ్రాతపని సెప్టెంబరు ఆరంభంలో అప్పగించాలి. చివరిరోజుదాకా దానిని వాయిదా వేసే అలవాటు అక్కడి పిల్లలకూ ఉన్నదని తెలిసి మాకు ఆనందమయింది. హరుహి తెలివైన విద్యార్థిని, తన పని ఎప్పుడో ఒంటరిగా ముగించుకొన్నది. స్నేహితుల ఇంట నలుగురు చేరి పుస్తకాలు ముందు వేసుకొని కూర్చోవడం అనేది ఆమె ఎరుగదు. ఆమె జాబితాలో లేనిదీ మనసులో మిగిలినదీ అదే. మరునాడు అందరూ క్యోన్ ఇంటిలో వ్రాసుకుంటారు. సెప్టెంబరు 1 వస్తుంది.

ఆ రాత్రి గదిలో దీపం వేసిన తరువాత ఆ విద్యార్థి వెంటనే లేవలేదు. అతని చేతిలో ఒక నోటుపుస్తకం ఉన్నది. మూడవనాటి నుండి ప్రతి భాగంలోనూ మారినవేమిటో అందులో గళ్ళు గీసి వ్రాసుకున్నాడు: ఎవరు ఏ రంగు బట్టలు ధరించారు, హోటలులో ఎవరు ఏ మూల కూర్చున్నారు, ఏ మాట తొందరగా పలికారు, ఏది నెమ్మదిగా. గురు లఘువులు గుర్తించలేడని మేము తీర్మానించుకొన్నవాని చేతివ్రాత అది. అపుడు అతడు ఒక మాట అన్నాడు.

"సార్, మీరు గూడ ఏటా గదే పాఠం జెప్తరు గద. నగాతో లెక్క మీకు అంత యాదుంటది. మాకు మల్ల మొదటిసారే."

పరిహాసానికి అన్న మాట కావచ్చు. మాకు నిద్ర పట్టలేదు. కథలో నగాతోను ఎందుకు చెప్పలేదని అడిగితే, తన పని పరిశీలన మాత్రమే అంటుంది. అన్నీ తెలుసు, లెక్క తప్పలేదు, అడిగేవరకు చెప్పదు. మేము కూడ అంతే చేస్తూ వచ్చాము. కళాశాలలో జరిపే అంతర్గత పరీక్షల జవాబుపత్రాలు మేమే దిద్దుతాము. అతని మూడు పత్రాలలో ఛందస్సు ప్రశ్నకు వచ్చిన తప్పు ఒక్కటే: సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వాక్షరాన్ని లఘువుగా గుర్తించడం. మొదటిసారి చూచాము. రెండవసారి, ఇతడు మరల ఇదే చేశాడే అనుకొన్నాము. మూడవసారి అనుకొనడం కూడ మానివేసి మార్కులు వేశాము. ఏటా నల్లబల్లపై అదే పద్యం వ్రాసి, అదే చోట అదే గీత గీసి, అదే వాక్యం చెప్పాము. మా నోట్సు తయారై తొమ్మిది సంవత్సరాలయింది, అంచులు పసుపుబారినవి.

మరునాడు నోట్సు తీసుకొనిపోలేదు. ఏమి చెప్పాలో కూడ ముందుగా అనుకోలేదు. అతడు ప్రతిదినమూ ఎక్కే బస్సు గుర్తుకు వచ్చి, మన ఊరి పేరు వ్రాయమన్నాము. తుర్కయాంజాల్ అని వ్రాశాడు. పైకి పలుకు అన్నాము. "తుర్" దగ్గర నాలుక ఎందుకు ఆగింది? వెనుక "ర్క" ఉన్నది కనుక. ఆ బరువు "తు" మీద పడింది, హ్రస్వమైనా గురువయింది. గురువు, లఘువు, గురువు, తరువాత ఇంకొక గురువు. మొదటి మూడూ ర గణం. ఇబ్రహీంపట్నం వ్రాయమన్నాము. కొంతసేపు పెదవులు కదిలించి, "సార్, ఇది గూడ ర గణంతోనే మొదలైతది. ఇ పొట్టిదే, బ్ర వెనుకనున్నది," అన్నాడు. గురువు, లఘువు, గురువు, ఆపై రెండు గురువులు, సరిగ్గా చెప్పాడు. ఏళ్ళ తరబడి ఆ దారిలో తిరిగినవానికి కండక్టరు అరుపులో ఈ లయ వినబడుతూనే ఉండి ఉంటుంది. మేము దానిని పద్యంలోనే వెదుకమన్నాము.

అటు తరువాత నాలుగు రోజులు సాయంకాలం టెలివిజన్ పెట్టలేదు. క్రికెట్టుకు పోయిన ఇద్దరు కూడ వచ్చి కూర్చున్నారు. సాగర్ రోడ్డు మీది ఊళ్ళన్నీ గణాలయినవి. ఇంజాపూర్ మూడు గురువులతో మ గణం. రాగన్నగూడలో మొదటి మూడక్షరాలు త గణం. మన్నెగూడ, శేరిగూడ రెండూ ఒకే నడక: ర గణం, ఒక లఘువు. అయితే మొదటిదానిలో "మ" గురువు కావడానికి ద్విత్వం కారణం, రెండవదానిలో "శే" దీర్ఘం కావడం కారణం. ఈ భేదాన్ని ఎవరూ అడుగకముందే అతడు చెప్పాడు. పేచీ వచ్చినది ఒక్క చోటనే. బొంగ్లూరు అని వ్రాస్తే రెండు గురువులు, ఒక లఘువు, త గణం. బొంగులూరు అని వ్రాస్తే గురువు, లఘువు, గురువు, లఘువు. ఏది సరియైన పేరని గదిలో గొడవ. బోర్డు మీద ఒకటి, బస్సు మీద ఒకటి వ్రాసి ఉన్నదని ఒకడు వాదించాడు. మేము ఏదీ తేల్చలేక కండక్టరును అడుగుదామన్నాము. మరునాడు ఉదయం అతడే అడిగి వచ్చి చెప్పాడు: కండక్టరు బొంగ్లూర్ గేట్ అన్నాడట, దానితో లెక్క మూడవ విధమయింది.

పరీక్ష ఆ వారంలోనే వ్రాశాడు. ఈ సంచిక అచ్చుకు పోయే నాటికి ఫలితాలు ఇంకా రాలేదు.